వెబ్ అప్లికేషన్‌లో ఫారం ఎలా చేయాలి?

మా అత్తయ్య ఒకసారి ఒక సైట్‌లో అరగంట కూర్చుని దరఖాస్తు నింపింది. సబ్మిట్ నొక్కగానే పిన్‌కోడ్ తప్పని చెప్పి, ఆ సైట్ ఫారం మొత్తం ఖాళీ చేసేసింది. ఆవిడ మళ్లీ నింపలేదు. నాకు అది ఇప్పటికీ బాధే, ఎందుకంటే ఆ తప్పు ఆవిడది కాదు, ఫారం రాసినవాళ్లది.

కోడ్ మొదలుపెట్టే ముందు, అడగాలనుకున్నవన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన దాంతో మనకేం పనో రాయండి. ఏమీ తోచకపోతే ఆ గడి కొట్టేయండి.

తర్వాత పేరు, ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి అంటే ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, ఇంటిపేరుకి పొడి అక్షరంతో సరిపెట్టేవాళ్లు, అసలు ఒక్క పేరే ఉన్నవాళ్లు ఏం రాయాలి? "పూర్తి పేరు" అని ఒకటే గడి పెట్టండి, చుక్కలూ ఖాళీలూ రానివ్వండి, ఏ నుంచి జెడ్ వరకే ఒప్పుకునే రెజెక్స్ (టైప్ చేసింది ఫలానా రూపంలోనే ఉందా అని చూసే నియమం) మాత్రం పెట్టకండి. పొడవు దగ్గరా జాగ్రత్త: "క్షి" చూడటానికి ఒక్క అక్షరమే, కానీ యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతి) 4 కోడ్‌పాయింట్లు, అంటే 4 నంబర్లు, వాటిని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. పొడవుని 20 బైట్ల దగ్గర ఆపేస్తే తెలుగు పేరు మధ్యలో తెగిపోతుంది.

గడి పేరు గడి పైన రాయండి. ప్లేస్‌హోల్డర్‌లో, అంటే గడి లోపల లేతగా కనిపించే మాటలో, పెడితే టైప్ చేయగానే మాయమవుతుంది, ఏం అడిగారో గుర్తుండదు. ఫోన్ నంబర్‌కి ఇన్‌పుట్ టైప్ 'టెల్' ఇస్తే మొబైల్‌లో అంకెల కీప్యాడ్ వస్తుంది. మధ్యలో ఖాళీలు, ముందు +91 ఉంటే మీరే తీసేయండి, దానికి ఎర్రర్ చూపించడం అన్యాయం.

చెక్ చేయడం రెండు చోట్లా ఉండాలి. బ్రౌజర్‌లో చేసేది వాడేవాళ్ల సౌకర్యం కోసమే, దాన్ని ఎవరైనా దాటెయ్యొచ్చు కాబట్టి సర్వర్‌లో మళ్లీ అన్నీ చూడాల్సిందే, డేటాబేస్‌కి పంపేటప్పుడు పారామీటర్లతోనే క్వెరీ (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) రాయాలి, అంటే టైప్ చేసినదాన్ని ఆ ఆదేశంలో కలిపేయకుండా విడిగా పంపాలి. తప్పు దొరికితే, పాస్‌వర్డ్ తప్ప, వాళ్లు టైప్ చేసినదంతా అలాగే ఉంచి, ఆ గడి పక్కనే "పిన్‌కోడ్‌లో 6 అంకెలుండాలి, మీరు 5 ఇచ్చారు" అని చెప్పండి. "ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్" అంటే ఎవరికేం అర్థమవుతుంది?

ఇక సబ్మిట్. నెట్ నెమ్మదిగా ఉంటే టెన్షన్‌తో రెండుసార్లు నొక్కుతారు, అది సహజం. బటన్‌ని ఆపేయడం ఒక్కటే చాలదు. ఫారం తెరిచినప్పుడే ఒక టోకెన్ (ఆ ఒక్క ఫారానికే చెందిన గుర్తు) ఇచ్చి, డేటాబేస్‌లో దానిమీద యూనిక్ నిబంధన (ఒకే గుర్తు రెండోసారి ఒప్పుకోనిది) పెడితే రెండో కాపీ చేరదు. సేవ్ అయ్యాక 303తో (బ్రౌజర్‌ని ఇంకో పేజీకి వెళ్లమని సర్వర్ ఇచ్చే జవాబు కోడ్) వేరే పేజీకి పంపండి, అప్పుడు రిఫ్రెష్ కొట్టినా ఫారం మళ్లీ వెళ్లదు.

అయ్యాక క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే, పేజీని పరీక్షించే పనిముట్లు) నెట్ వేగం తగ్గించి మీరే నింపి చూడండి. ఆ తర్వాత ఫోన్ ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి పక్కన కూర్చోండి, మధ్యలో ఏమీ చెప్పకండి, వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి.