మొదటి విల్లు కుదరట్లేదా? కొత్తగా మొదలుపెట్టిన ఆడవాళ్ళకి సమస్య - పరిష్కారం

మా పిన్ని కూతురు ప్రొద్దుటూరులో ఉంటుంది. పోయిన సంక్రాంతికి వాళ్ళింటికి పోతే నన్ను మిద్దె మీదికి పిల్చుకోని పోయి చెయ్యి చూపించింది, ఎడమ చేతికి మోచెయ్యి కింద లోపలి వైపు జానెడు పొడుగున నేరేడు పండు రంగులో కమిలిపోయి ఉంది. వీడియోల్లో హంటింగ్ బో చూసి నచ్చి లాగేదానికి 40 పౌండ్ల బలం కావాల్సిన రికర్వ్, అంటే కొనలు ముందుకు వంగుండే విల్లు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుందంట, పది బాణాలు వేసేసరికి ఇట్లయింది. "నాకు బలం చాలదక్కా, ఇది మగోళ్ళ పని, అమ్మేస్తా" అనింది. నేను అనంతపురంలో కొత్తగా వచ్చే ఆడపిల్లలకి విల్లు పట్టడం నేర్పిస్తా, ఈ మాట చానా మంది నోట విన్నా, విన్న ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. బలం సంగతే కాదు ఇది, సరిపోని విల్లు కొనుక్కోని తప్పు మన మీద వేసుకుంటున్నాం. అందుకే ఏ ఇబ్బందికి ఏది కారణం, ఏం చేస్తే పోతుంది అని రాస్తున్నా.

దానికన్నా ముందు వేట సంగతి చెప్పేస్తా. హంటింగ్ బో అనేది అమెరికా లాంటి చోట లైసెన్సు తీసుకోని వేటాడేవాళ్ళ కోసం చేసేది, అక్కడ కొన్ని రాష్ట్రాల్లో జింక వేటకి కనీసం 35 లేదా 40 పౌండ్లు ఉండాలని రూలు కూడా ఉంది, వీడియోల్లో అందరూ పెద్ద నంబర్లు చెప్పేది అందుకే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. శెనక్కాయ చేన్లో అడవిపందులు పడ్డాయి కదా ఒకటి కొడితే ఏమవుతుంది అని నన్నడిగినోళ్ళు ఉన్నారు, పర్మిషన్ లేకుండా మన ఇష్టానికి కొట్టకూడదు. లంకమల, నల్లమల అభయారణ్యాల్లోకి పర్మిషన్ లేకుండా ఆయుధం తీసుకుపోవడమే తప్పు. అయినా ఆ రకం విల్లు టార్గెట్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కొనల్లో చక్రాలు, కేబుల్స్ ఉండే కాంపౌండ్ విల్లు అంటే వేట ఒక్కటే అనుకోవద్దు, మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కాంపౌండ్‌తోనే.

సమస్య: పూర్తిగా లాగలేకపోతున్నా, లాగినా చెయ్యి వణుకుతోంది

లాగేటప్పుడు విల్లుని ఆకాశం వైపు ఎత్తి, నడుము వంచి, భుజం చెవి దాకా లేపి ఎట్లనో లాగేస్తుంటే డ్రా వెయిట్, అంటే విల్లు లాగేదానికి కావాల్సిన బలం, ఎక్కువైందని అర్థం. ఇది ఒట్టి కష్టం కాదు, ప్రమాదం, ఎందుకంటే పైకెత్తి లాగేటప్పుడు చెయ్యి జారితే బాణం ఎవరింటి మీద పడుతుందో తెలీదు. భుజం కూడా పాడవుతుంది, ఒకసారి భుజం పట్టేసిందంటే నెలలు పడుతుంది.

విల్లు మీద రాసుండే పౌండ్లు 28 అంగుళాల లాగుడుకి లెక్క. మన లాగుడు అంతుండదు. అంగుళం తగ్గితే సుమారు 2 పౌండ్లు తగ్గుతుంది, అంటే మా చెల్లెలు లాగేది 25 అంగుళాలైతే ఆ 40 పౌండ్లది ఆమె చేతికి దగ్గర దగ్గర 34. అది కూడా కొత్తవాళ్ళకి చానా ఎక్కువే. రికర్వ్ అయితే 18 నుంచి 24 లోపల మొదలుపెట్టండి, కాంపౌండ్ అయితే 25, 30 దగ్గర.

సరిపోతుందా లేదా చూసేదానికి ఒక పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చోండి, రెండు కాళ్ళూ నేల మీది నుంచి కొంచెం పైకి లేపండి, విల్లు నేరుగా ముందుకు పట్టుకోని లాగి, కొంతసేపు పట్టుకోని, మెల్లిగా వెనక్కి వదలండి. పైకెత్తకుండా, ఊగకుండా లాగగలిగితే ఆ విల్లు మీది. కానీ బాణం లేకుండా లాగి ఠప్పని మాత్రం వదలొద్దు, దాన్నే డ్రై ఫైర్ అంటారు, బాణంలోకి పోవాల్సిన శక్తంతా లింబ్స్‌లోకే (విల్లుకి పైనా కిందా వంగే రెక్కలు) కొట్టి విల్లు పగిలిపోతుంది, కాంపౌండ్ అయితే స్ట్రింగు, అంటే వింటి నారి, ఎగిరొచ్చి మొహానికి తగిలినా తగలొచ్చు. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు మొట్టమొదట చేసే పని ఇదే, చేతికి అందనీయొద్దు.

ఇప్పటికే బరువైనది కొనేసుంటే దిగులు పడాల్సిన పనిలేదు. టేక్‌డౌన్, అంటే ముక్కలుగా విడదీసే రికర్వ్‌కి రైజర్ (మధ్యలో చేత్తో పట్టుకునే భాగం) అట్లే పెట్టుకోని దానికి సరిపోయే లింబ్స్ మాత్రం తక్కువవి కొంటే చాలు. మా చెల్లెలికి అదే చేశాం, 22 పౌండ్ల లింబ్స్ వేసినాం, మొదటి రోజే ముప్పై బాణాలు వేసింది. కాంపౌండ్ అయితే లింబ్ బోల్టులు అలెన్ కీతో విప్పితే తగ్గుతుంది, ఒక చుట్టుకి 2, 3 పౌండ్లు, పైదీ కిందదీ రెండూ సమానంగా తిప్పాలి, మాన్యువల్‌లో చెప్పినన్ని చుట్లకన్నా ఒక్కటి కూడా ఎక్కువ విప్పొద్దు. చానా కాంపౌండ్లు పై నంబర్ నుంచి 10, 15 పౌండ్లకి మించి తగ్గవు, 70 పౌండ్ల విల్లు కొని తగ్గించుకుంటాలే అనుకుంటే కుదరదు. ఇంకా కొనకపోతే ఎక్కువ రేంజ్ ఉండేవి చూడండి, డైమండ్ ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో, బేర్ క్రూజర్ జీ2 లాంటివి 5 నుంచి 70 పౌండ్ల దాకా మారతాయి, డ్రా లెంగ్త్ (ఎంత దూరం లాగుతామో ఆ కొలత) కూడా మారుతుంది, మనం పెరిగేకొద్దీ విల్లు మనతో పాటే పెరుగుతుంది.

ఇంకో సంగతి, కాంపౌండ్‌లో లెట్ ఆఫ్ ఉంటుంది కాబట్టి చివర్లో తేలికైపోతుందిలే అంటారు. నిజమే, 40 పౌండ్లకి 75 శాతం లెట్ ఆఫ్ అంటే చివర్లో పట్టుకునేది 10 పౌండ్లే. కానీ ఆ చివరి దాకా పోవాలంటే మధ్యలో 40 దాటాల్సిందే కదా.

సమస్య: స్ట్రింగు మోచేతి కింద కొట్టి కమిలిపోతోంది

ఆర్మ్ గార్డ్ వేసుకోమని అందరూ చెప్తారు, వేసుకోండి, కానీ అది మందు కాదు, అడ్డం మాత్రమే. దెబ్బ ఎందుకు తగులుతుందో చూడాలి.

చానా మంది ఆడవాళ్ళకి చెయ్యి చాపితే మోచెయ్యి ఇంకొంచెం లోపలికి వంగుతుంది, పుట్టుకతోనే అంతే. అప్పుడు ఆ లోపలి కండ సరిగ్గా స్ట్రింగు వచ్చే దారిలోకి వచ్చేస్తుంది. గోడకి అరచెయ్యి ఆనించి నిలబడండి, భుజం కదలకూడదు, అరచెయ్యి కదలకూడదు, మోచేతి మడత ఆకాశం వైపు చూస్తుంటే దాన్ని తిప్పి నిలువుగా చేయండి. మొదటిసారి రాదు, భుజం కూడా తిరిగిపోతుంది. మా చెల్లెలికి వంటింటి గోడ దగ్గర కూర ఉడికేలోపల పదిసార్లు తిప్పమన్నా, నాలుగో రోజుకి పట్టు దొరికింది. విల్లుని పిడికిలి బిగించి కూడా పట్టుకోవద్దు, బొటనవేలి కింద మెత్తటి చోట ఆనించి, వేళ్ళ కణుపులు ఏటవాలుగా ఉండేట్టు వదులుగా పట్టుకోవాలి, బిగిస్తే మణికట్టు తిరిగి చెయ్యి స్ట్రింగుకి అడ్డమొస్తుంది.

చెయ్యి సరిగ్గా ఉన్నా కొడుతుంటే బ్రేస్ హైట్ చూడండి, అంటే స్ట్రింగు నుంచి పట్టు లోతు దాకా ఉండే దూరం. 62 అంగుళాల రికర్వ్‌కి సుమారు ఏడున్నర నుంచి ఎనిమిదింపావు అంగుళాలు ఉండాలి, తక్కువుంటే స్ట్రింగు ఇంకా లోపలికొచ్చి కొడుతుంది. స్ట్రింగు విప్పి కొన్ని మెలికలు వేసి మళ్ళీ ఎక్కిస్తే పెరుగుతుంది. ఎక్కించేదానికి బో స్ట్రింగర్ తాడు వాడండి, కాలి సందులో పెట్టి వంచితే లింబ్ మెలి తిరిగిపోతుంది.

సమస్య: కాంపౌండ్ పట్టుకుంటే వెనక్కి వాలిపోతున్నా, పీప్ (స్ట్రింగులో గురి చూసే చిన్న రంధ్రం) కంటికి అందట్లేదు

డ్రా లెంగ్త్ పొడుగైంది. రికర్వ్‌లో మనం ఎంత లాగితే అంత, కాంపౌండ్‌కి ఒక కొలత దగ్గర ఆగే గోడ ఉంటుంది, అది మగవాళ్ళ కొలతకి పెట్టుంటే మనం దాని వెనకాల పరిగెత్తాలి, భుజాలు వెనక్కి పోతాయి, మోచెయ్యి బిగుసుకుంటుంది, ఆ స్ట్రింగు దెబ్బ ఇక్కడ కూడా తగులుతుంది.

టైలర్ టేపు తీసుకోండి. రెండు చేతులూ పక్కలకి చాపి, బలవంతంగా సాగదీయకుండా, ఈ మధ్యవేలి కొన నుంచి ఆ మధ్యవేలి కొన దాకా వేరేవాళ్ళతో కొలిపించుకోండి, వచ్చిన అంగుళాల్ని 2.5తో భాగించండి. 62 వస్తే దాదాపు 25. విల్లు కొనే ముందు చేతిలో ఉండాల్సిన మొట్టమొదటి నంబర్ ఇదే, అమ్మేవాళ్ళు అడక్కపోయినా మీరే చెప్పండి. కొన్ని విల్లుల్లో మాడ్యూల్ (చక్రం మీద ఉండే చిన్న ముక్క) జరిపితే సరిపోతుంది, కొన్నిటికి బో ప్రెస్ (లింబ్స్‌ని వంచి పట్టే యంత్రం) కావాలి, ప్రెస్ లేకుండా ఇంట్లో స్ట్రింగు, కేబుల్స్ మాత్రం విప్పొద్దు.

సమస్య: బాణాలన్నీ ఒకే పక్కకి పోతున్నాయి

కుడిచేత్తో లాగేవాళ్ళకి అన్నీ బాగా ఎడమకి పోతుంటే ముందు కళ్ళు చూసుకోండి. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు చేసి, రెండు కళ్ళూ తెరిచే ఉంచి దూరంగా ఉండే కరెంటు స్తంభాన్నో వేపచెట్టునో ఆ సందులోంచి చూడండి, ఒక్కో కన్ను మూయండి, ఏ కన్ను తెరిచుంటే స్తంభం సందులోనే ఉందో అది మీ బలమైన కన్ను. అన్నం కుడిచేత్తో తింటున్నా ఎడమ కన్ను బలంగా ఉండొచ్చు. కొత్తవాళ్ళయితే ఎడమచేతి విల్లు కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం, మొదట్లో ఏ చెయ్యైనా కొత్తే కదా. విల్లు కొనేసుంటే ఎడమ కంటికి చిన్న అడ్డం పెట్టుకోని వేయొచ్చు.

కళ్ళు సరిగ్గానే ఉంటే బాణం స్పైన్ చూడండి, అంటే బాణం ఎంత గట్టిగా ఉందో చెప్పే నంబర్. 500, 1000 అని రాసుంటుంది, నంబర్ పెద్దదయ్యేకొద్దీ బాణం మెత్తన. తేలికపాటి విల్లుకి గట్టి బాణం వేస్తే అది వంగదు, టక్కని రైజర్‌ని రాసుకుంటా తోక ఊపుకుంటా ఎడమకి పోతుంది, మరీ మెత్తనైతే కుడికి. 20 పౌండ్లకి 500 స్పైన్ బాణాలు అంటగట్టేస్తారు, మనకి 900, 1000 ఆ చుట్టుపక్కల కావాలి. పొడుగు మీ డ్రా లెంగ్త్ కన్నా ఒకటి రెండు అంగుళాలు ఎక్కువే ఉండాలి, పొట్టి బాణం లాగేటప్పుడు రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) మీంచి వెనక్కి జారితే చేతిలోకే దిగుతుంది.

సమస్య: స్ట్రింగు బట్టలకి, నగలకి తగులుకుంటోంది

చున్నీ తీసి నడుముకి బిగించి కట్టండి, జడ వెనక్కి ముడేయండి, కమ్మలు, జుంకీలు తీసేయండి. నల్లపూసలు తీయమంటే చానా మందికి మనసొప్పదు, అట్లాంటప్పుడు లోపలికి వేసుకోని పైన చెస్ట్ గార్డ్ బిగించండి. వేళ్ళు మండుతుంటే వేళ్ళకి తొడిగే తోలు ఫింగర్ ట్యాబ్, కాంపౌండ్‌కి వేళ్ళ బదులు స్ట్రింగుని పట్టుకోని వదిలే మణికట్టు రిలీజ్ వాడండి.

సమస్య: నిన్న బాగా పడిన బాణాలు ఈ రోజు పడట్లేదు

మా అనంతపురం వైపు గాలి ఎట్లుంటుందో రామగిరి గాలిమరలు చూస్తే తెలుస్తుంది, తేలిక విల్లు బాణాన్ని గాలి ఇంకా ఎక్కువ తోస్తుంది. తెల్లవారి ఆరింటికి వేయండి, మొదటి నెల పది మీటర్లు దాటొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో విల్లు కారులో వదిలేసి పోయినారంటే స్ట్రింగు సాగిపోతుంది, లింబ్ అతుకులు ఊడినా ఊడొచ్చు, బాణం మొనకి పెట్టిన జిగురు కూడా కరుగుతుంది.

కడప వైపు ఇంకో ఇబ్బంది ఉంది, పెరట్లో ప్రహరీకి బండలు నిలబెట్టుంటారు, గోనెసంచిలో పాత బట్టలు కుక్కి దాని ముందు పెట్టి వేస్తారు. సంచి మంచిదే, బండే మంచిది కాదు, గురి తప్పితే బాణం వెనక్కి ఎగిరొస్తుంది. సంచి వెనకాల మట్టి దిబ్బ ఉండాలి, ఆ పక్కకి మనుషులు, గొర్రెలు వచ్చే దారి ఉండకూడదు. బండకి తగిలిన కార్బన్ బాణాన్ని మళ్ళీ వేసే ముందు రెండు కొనలూ పట్టుకోని చెవి దగ్గర మెల్లిగా వంచి, తిప్పి తిప్పి మళ్ళీ వంచండి. చిటపట సన్నటి శబ్దం వచ్చినా, గోరుకి చీలిక తగిలినా ఆ బాణం అక్కడికక్కడే విరిచేయండి, వేరేవాళ్ళు తీసుకోని వేస్తే అది వదిలేటప్పుడు పగిలి ముక్కలు చేతిలో దిగుతాయి.