పికప్ బండికి అన్ని కాలాలనూ తట్టుకునే టైర్లు ఎంచుకోవడం ఎలా?

చిత్తూరు, తిరుపతి వైపు టైరును చంపేవి రెండే: ఎండ, బరువు. జూన్‌లో తోతాపురి కాయలు నిండుగా వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీకి పోయే బండి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలో భాకరాపేట ఘాట్ దిగే బండి ఒకటే. మధ్యలో టైర్లు మార్చేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే కొనేటప్పుడే ఎండలో లోడుకూ, వానలో ఘాట్‌కూ సరిపోయేవి చూసుకోవాలి. ఆల్ సీజన్ అని అమ్మే కొన్నింటి మీద ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అని, కొండ మీద మంచు పువ్వు గుర్తు అని కనిపిస్తాయి. అవి చలి దేశాలకు కావాల్సినవి. వాటికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

1. ముందు బరువు లెక్క

షాపుకు పోయే ముందు ఆర్‌సీ తీసి, లోడుతో కలిపి బండి మొత్తం బరువు ఎంతని రాశారో చూడండి. ఉదాహరణకు 3,000 కిలోలు అనుకుందాం. లోడు పడ్డాక అందులో 2,000 కిలోల దాకా వెనక ఇరుసు మీదే పడితే, ఒక్కో వెనక టైరు 1,000 కిలోలు మోయాలి.

ఇప్పుడు టైరు పక్క గోడ మీద సైజు తర్వాత ఉండే అంకె చూడండి. అది లోడ్ ఇండెక్స్. 100 అంటే 800 కిలోలు, 105 అంటే 925, 108 అంటే 1,000, 112 అంటే 1,120. మన లెక్కకు 108 అంచు మీద ఉన్నట్టు, 112 అయితే నిశ్చింత. 112/110 అని రెండు అంకెలుంటే మొదటిది ఒక్కో వైపు ఒకే టైరు ఉన్న బండికి, రెండోది జంట టైర్ల బండికి. కంపెనీ బిగించి ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. ఆ అంకె పక్కనే ఉండే అక్షరం వేగానిది. ఎన్ అంటే గంటకు 140 కిలోమీటర్లు, క్యూ అంటే 160. లోడు బండికి ఇది పెద్ద చింత కాదు.

2. రేడియలా, నైలానా?

రేడియల్ అంటే లోపల ఉక్కు పట్టీ ఉన్న టైరు, నైలాన్ అంటే నైలాన్ దారాలు ఏటవాలుగా అల్లిన పాతరకం. చెన్నై కోయంబేడుకో, మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరుకో బాడుగలు తోలేవాళ్లకు రేడియలే మేలు. హైవే మీద తక్కువ వేడెక్కుతుంది, నిదానంగా అరుగుతుంది. తోటల్లో, గుట్టల దగ్గర రాళ్ల దారుల్లోనే తిరిగే బండికి నైలాన్ పక్క గోడ గట్టిగా తట్టుకుంటుంది. ఒకే ఇరుసుకు ఒకటి అదీ ఒకటి ఇదీ మాత్రం బిగించొద్దు.

3. గీతలు, బటన్లు

ముందుకు నిలువు గీతల టైరు వేస్తే స్టీరింగ్ మాట వింటుంది, వాన నీళ్లు గాళ్లలోంచి, అంటే రబ్బరు మధ్య లోతు సందుల్లోంచి, బయటికి పోతాయి. వెనక్కి, అంచుల్లో బటన్లు (రోడ్డుకు ఆనే రబ్బరు దిమ్మెలు) ఉండి మధ్యలో గీతలున్న రకం మంచిది. వాన పడ్డ ఎర్రమట్టిలో పట్టు దొరుకుతుంది, తారు మీద మరీ రొద చేయదు. పూర్తిగా పెద్ద దిమ్మెలే ఉండే లగ్ టైరు ట్రాక్టరులా దున్నుకుంటూ పోతుంది గానీ, తడి తారు మీద బ్రేకుకు అంత నమ్మకం కాదు. ఘాట్‌లో తిరిగే బండి ముందు చక్రాలకు రీబటన్ టైర్లు (అరిగినవాటికి కొత్త రబ్బరు అతికించినవి) అసలు వద్దు.

4. షాపులో

కొత్త టైరు నల్లగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు చూసి మోసపోకండి, పాతదానికి పాలిష్ కొట్టినా అలాగే ఉంటుంది. గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. చాలా టైర్లకు ఇది ఒక పక్కే ఉంటుంది, కాబట్టి "అన్నా, ఒకసారి తిప్పి చూపించన్నా" అని అడగండి. ఏడాది దాటితే బేరం ఆడండి, మూడేళ్లు దాటితే వదిలేయండి. గాళ్ల అడుగున వేలితో తడిమి, సన్న పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి.

రెండే కొంటున్నారా? కొత్తవి వెనక్కి బిగించమనండి. ముందుకు వేయమని చాలామంది చెబుతారు గానీ, వానలో వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు స్టీరింగ్‌తో ఏమీ చేయలేరు.

5. బిగించాక

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అదే రోజు చేయించండి. తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఖాళీ బండికి ఒక గాలి, లోడుకు ఒక గాలి రాసి ఉంటాయి. పొద్దున్నే, బండి తోలకముందే కొలవండి. మధ్యాహ్నం వేడికి గాలి పెరిగిందని కొంచెం తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు నలిగి నలిగి వేడెక్కి పేలేది ఎక్కువగా ఎండాకాలంలోనే. స్టెప్నీకీ గాలి చూడండి, అందరూ మర్చిపోయేది దాన్నే.

గాళ్లలో చిన్న గట్లుంటాయి, టైరు అరిగి గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసరికి అవి బటన్‌తో సమానమవుతాయి. చట్టం అక్కడిదాకా ఒప్పుకుంటుంది. నన్నడిగితే మాత్రం 3 మిల్లీమీటర్లకు వచ్చిన టైరును అక్టోబరు వానల లోపే మార్చేయాలి. బిల్లు మీద టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకుని ఆర్‌సీతోపాటే పెట్టుకోండి, వారంటీకి పోతే మొదట అడిగేది అవే.