చిన్న వ్యాపారానికి లైసెన్సులు – 4వ పాఠం: మీ టర్నోవర్ ఎంత?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులన్నీ చూశాను. ఎక్కువమంది తప్పారు, అదీ ఒకే చోట: టర్నోవర్ అడిగితే లాభం రాశారు. అందుకే ఈ పాఠం జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు చూసే టర్నోవర్ గురించే, మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు సంగతి వచ్చే పాఠానికి వాయిదా. కేంద్రం చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ వచ్చేసింది, చాలదా అని అడిగినవాళ్లకు ఒకటే మాట: అది గుర్తింపు, లైసెన్సు కాదు.

చాలామంది అనేది ఇదే: "నాకు మిగిలేదే రెండు లక్షలు, నాకు జీఎస్టీ ఏంటండీ?" మిగిలింది ఎంతని ఎవరూ అడగడం లేదు! చూసేది ఏడాది అమ్మకాల మొత్తం, టర్నోవర్ అంటే అదే. చీర రూ.900కు తెచ్చి రూ.1,000కి అమ్మితే లెక్కలోకి వచ్చేది వెయ్యి. ఏడాదిలో అలాంటివి 2,100 అమ్మారనుకోండి, టర్నోవర్ 21 లక్షలు. చేతిలో మిగిలింది రెండు లక్షల పదివేలే అయినా తెలంగాణలో మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే 20 లక్షల పరిమితి దాటేసినట్టే. అదే చీరకు హోల్‌సేల్ వ్యాపారే నేరుగా కస్టమర్ పేర బిల్లు వేసి, మీకు వంద కమీషన్ ఇచ్చాడా? అప్పుడు మీ టర్నోవర్ ఆ వందే. బిల్లు మీరు వేస్తే మాత్రం పూర్తి వెయ్యి. "నేను మధ్యలో మనిషినే కదా" అంటే కుదరదు, బిల్లు ఎవరు వేశారో చూస్తారు.

పన్ను లేని మట్టిగాజుల అమ్మకం కూడా ఇందులో కలుస్తుంది. ఒకే పాన్ మీద రెండు ఊళ్లలో వ్యాపారం ఉంటే రెండూ కలుస్తాయి.

సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి 40 లక్షలు. 2019లో చాలా రాష్ట్రాలు అలా పెంచినా తెలంగాణ 20 దగ్గరే ఆగింది. ఆంధ్రలో ఉన్నా, చీరలతో పాటు డబ్బు తీసుకుని జాకెట్లు కుడుతుంటే మీకూ 20 లక్షలే.

పన్ను ఉన్న సరుకు విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఒక్క పార్సిల్ అమ్మినా ఈ లక్షలతో పనిలేదు, రిజిస్ట్రేషన్ తప్పదు. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉంది. ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లో అమ్మేవాళ్లు పరిమితి లోపు ఉంటే, 2023 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్ లేకుండానే, జీఎస్టీ పోర్టల్ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్ముకోవచ్చు, అదీ సొంత రాష్ట్రంలోనే.

నాకు ఎక్సెల్ అంటే పడదు. నెలాఖరున ఏప్రిల్ నుంచి అయిన మొత్తం అమ్మకం గోడ క్యాలెండర్ మీద రాస్తాను. 15 లక్షలు చేరాయంటే ఆడిటర్‌కు ఫోన్. పరిమితి దాటాక దరఖాస్తుకు గడువు 30 రోజులే, ప్రభుత్వ ఫీజు మాత్రం లేదు.

అభ్యాసం: ఏప్రిల్ 1 నుంచి ఈరోజు దాకా బ్యాంకు, యూపీఐ స్టేట్‌మెంట్లు తీయండి. ప్రతి జమ పక్కనా అమ్మకమో, కమీషనో, సొంత డబ్బో రాయండి. అవును, ప్రతి జమ. చెల్లెలు తిరిగిచ్చిన చేబదులు అమ్మకం కాదు. నగదు అమ్మకాలు విడిగా కలపండి. అరువు ఇచ్చిన చీర డబ్బు ఇంకా రాకపోయినా అది అమ్మకమే, వదిలేయకండి.