చదును నేలలో నదిని మ్యాప్‌లో చదవడం ఎలా? డెన్మార్క్‌లోని స్కియెర్న్ ఓ అనే ఏరుతో మొదలెడదాం

డెన్మార్క్ లాంటి చోట నదిని మ్యాప్‌లో పట్టుకోవడం మొదట్లో చిరాగ్గానే ఉంటుంది, కొండలుండవు, లోయ కూడా సరిగ్గా కనపడదు, దేశం మొత్తంలో ఎత్తైన చోటు మోలెహోయ్ కూడా 171 మీటర్ల లోపే. అందుకే కొండల కోసం వెతక్కండి, నీళ్ళు ఎక్కడ విడిపోతున్నాయో చూడండి.

ముందు ఆన్‌లైన్ మ్యాప్‌లో టిన్నెట్ క్రాట్ (డెన్మార్క్‌లో ఈ ఏరు పుట్టే చోటు) అని కొట్టి బాగా జూమ్ చేయండి. అక్కడ రెండు ఊటలు, మధ్య దూరం కొన్ని వందల మీటర్లే. ఒకటి గుడెనో నదిది, అది సిల్కెబోర్ సరస్సులు, రాండర్స్ ఊరు దాటి తూర్పున కట్టెగట్ సముద్రంలో కలుస్తుంది. రెండోది మన స్కియెర్న్ ఓ (ఓ అంటే డేనిష్‌లో ఏరు), పడమరకి సుమారు 94 కిలోమీటర్లు పోతుంది. పక్కపక్కన పుట్టి చెరో సముద్రానికి పోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత ఎత్తులు చూపించే లేయర్ ఆన్ చేయండి. సుమారు 20 వేల ఏళ్ళ క్రితం మంచు పలక అంచు ఈ దగ్గర్లోనే ఆగింది, కరిగిన నీళ్ళు పడమరకి ఇసుక మోసుకెళ్ళి పరిచేశాయి, ఆ ఇసుక మైదానం మీదే ఏరు నడుస్తుంది. మధ్యలో దీవుల్లా కాస్త ఎత్తుగా కనపడేవి అంతకు ముందు మంచు యుగం నాటి పాత నేలలు.

ఇప్పుడు అసలు పని, ఇక్కడ తొందరపడొద్దు. స్కియెర్న్ ఊరి దిగువన నీలం గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే అది మనుషులు తవ్విందే. 1962-68 మధ్య సాగు కోసం ఏటి కింది భాగాన్ని తిన్నగా చేసి కట్టలు వేసి సుమారు 4000 హెక్టార్ల తడి నేల ఆరబెట్టారు, నేలలో నీటి మట్టం దిగి ఇనుము ఉన్న ఖనిజానికి గాలి తగిలేసరికి నారింజ రంగు మడ్డి నీళ్ళలోకి వచ్చేసింది. తర్వాత తప్పు తెలుసుకుని 1999-2002లో సుమారు 2200 హెక్టార్లలో ఏటిని మళ్ళీ మలుపులు తిప్పారు. కాబట్టి 19వ శతాబ్దపు సర్వే మ్యాపు, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టండి, ఒక్కటే చూస్తే మోసపోతారు.

పొలం మధ్యలో కొడవలి ఆకారంలో ముదురు మచ్చ కనిపిస్తే ఆగండి, అదే చోట ఎత్తుల లేయర్‌లో కూడా సన్నటి పల్లం వస్తే అది పూడిపోయిన పాత పాయే అనుకోవచ్చు. నేనైతే ఇలాంటివి వెతుకుతూ గంటలు గడిపేస్తా.

చివర్లో ఏరు నేరుగా సముద్రంలో పడదు. చిన్న డెల్టా చేసుకుని రింగ్‌కోబింగ్ ఫ్యోర్డ్‌లో కలుస్తుంది, అది పేరుకే ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), నిజానికి ఇసుక దిబ్బల వెనక ఉన్న ఉప్పు కయ్య. నార్త్ సీకి దారి హ్విదే సాండే దగ్గర 1931లో కట్టిన స్లూయిస్ (నీళ్ళు ఆపే, వదిలే) తలుపులే, అందుకని ఏటి చివర నీటి మట్టం చూసేటప్పుడు వానొక్కటే లెక్కేస్తే సరిపోదు, ఆ తలుపులు తెరిచున్నాయా మూసున్నాయా అన్నది కూడా చూడాలి.