మొక్కలతో అక్వేరియం ఎలా పెట్టుకోవాలి? (చేపలు చివర్లోనే!)

నేను మొదటిసారి ట్యాంక్ కొన్నప్పుడు అదే రోజు సాయంత్రం పది నియాన్ టెట్రాలు తెచ్చి వేసేశా, అయిదో రోజుకి రెండే మిగిలాయి, కొన్నచోటే అడిగితే ఏదో నీలం మందు ఇచ్చారు, అది పోశాక ఆ రెండూ పోయాయి. చేపలకి జబ్బేం లేదని, అసలు నీళ్లే ఇంకా తయారవ్వలేదని చాలా రోజులకి గానీ బుర్రకెక్కలేదు. అందుకే ఇక్కడ వరస మార్చి చెప్తున్నా: ముందు మట్టి, తర్వాత మొక్కలు, తర్వాత ఓ నెల ఊరికే చూస్తూ కూర్చోవడం, చేపలు ఆఖర్న.

ట్యాంక్ రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నది తీసుకోండి. గుండ్రటి బౌల్ జోలికి పోవద్దు, నీళ్లు తక్కువుంటే చిన్న తప్పుకే అన్నీ పాడవుతాయి. ఇసుక, నీళ్లు, గాజు అన్నీ కలిపి 70-80 కిలోలు తూగుతుంది కాబట్టి టీవీ స్టాండ్ మీద కాదు, గట్టి బల్ల మీద, కింద థర్మోకోల్ షీట్ వేసి పెట్టాలి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. ఒకసారి నింపాక జరపడం మన వల్ల కాదు, ముందే ఆలోచించుకోండి.

ఇప్పుడు మట్టి. ఖరీదైన అక్వా సాయిల్ ప్యాకెట్లు కొనక్కర్లేదు. ఎరువులు, పురుగుమందులు తగలని చోట నుంచి ఎర్రమట్టి తెచ్చి జల్లించి (ఆ ఎరుపంతా ఇనుమే, మొక్కలకి కావాల్సిందే) ఓ గుప్పెడు వర్మీకంపోస్ట్ కలిపి అంగుళం మందం పరవండి. గుప్పెడే, ఎక్కువేస్తే కుళ్లి కంపు కొడుతుంది. దాని మీద అంగుళంన్నర నుంచి రెండంగుళాలు ఏటి ఇసుక, అంటే 15 కిలోల దాకా పడుతుంది. బియ్యం కడిగినట్టు కడుగుతూనే ఉండాలి, నీళ్లు తేటగా వచ్చేదాకా, నడుము పట్టేస్తుంది కానీ తప్పదు. ఇసుక మీద, రాళ్ల మీద కాస్త వెనిగర్ పోసి చూడండి, బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు, పక్కన పెట్టేయండి. సముద్రపు ఇసుకలో గవ్వ ముక్కలుంటాయి, అదీ వద్దు.

నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద ఓ ప్లేటు పెట్టి దాని మీద సన్నగా పోయాలి, లేకపోతే కింద మట్టంతా పైకి లేచి టీ డికాషన్ అయిపోతుంది. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, బకెట్లలో ఒక రోజు మూత లేకుండా ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి. బోరు నీళ్లయితే ఆర్‌వో బాగుచేయడానికి వచ్చే అబ్బాయి దగ్గర నీళ్లలో లవణాలెంత ఉన్నాయో చూపించే టీడీఎస్ మీటర్ ఉంటుంది కదా, ఒకసారి చూపించండి. మరీ ఎక్కువ చూపిస్తే సగం బోరు, సగం ఆర్‌వో కలుపుకోవచ్చు. పూర్తిగా ఆర్‌వో మాత్రం వద్దు, అందులో లవణాలే ఉండవు.

సగం నీళ్లు పోశాక మొక్కలు నాటడం తేలిక. వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్ వేర్లు ఇసుకలోకి పోవాలి కానీ ఆకులు మొదలయ్యే మొదలు మాత్రం పైనే ఉండాలి. జావా ఫెర్న్, అనూబియాస్‌కి పసుపు కొమ్ములా అడ్డంగా కాండం ఉంటుంది చూడండి, దాన్ని పూడ్చారో కుళ్లిపోతుంది, రాయికో చెక్కకో దారంతో కట్టేయాలి. క్రిప్టోకోరిన్ నాటిన వారంలో ఆకులన్నీ కరిగిపోతే కంగారుపడి పీకేయకండి, వేర్లు బతికే ఉంటాయి, కొత్తాకులు వస్తాయి. త్వరగా పెరిగే హైగ్రోఫిలా, హార్న్‌వర్ట్ మొదట్లో కాస్త ఎక్కువే వెయ్యండి, అవి తిండి లాక్కుంటే పాకురుకి మిగలదు. చెరువు నుంచి తెచ్చిన మొక్కలతో తూనీగ లార్వాలు వచ్చేస్తాయి, అవి చిన్న చేపల్ని తినేస్తాయి, జాగ్రత్త.

లైటు 6500 కెల్విన్ ఎల్‌ఈడీ చాలు. మొదటి నెల రోజుకి 6 గంటలే, తర్వాత 8 దాకా. టైమర్ ప్లగ్ పెట్టుకోండి, మర్చిపోయి రాత్రంతా వదిలేస్తే అద్దాలన్నీ పచ్చగా అవుతాయి. ఫిల్టర్‌కి స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు సరిపోతాయి, కానీ పంపు నీటిమట్టం కంటే పైన ఉండాలి, కరెంటు పోతే నీళ్లు పైపులోంచి పంపులోకి వచ్చేస్తాయి.

ఇక ఆ నెల రోజుల సంగతి. చేపల రెట్ట, మిగిలిన తిండి, కుళ్లిన ఆకులు అన్నీ అమ్మోనియా అవుతాయి, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, అది మొక్కలకి ఎరువు. ఈ బ్యాక్టీరియా స్పాంజ్‌లో, ఇసుకలో పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పెరుగు తోడుకోకముందే గిన్నె కదిపితే ఏమవుతుందో తెలుసుగా, అలాంటిదే. రెండు రోజులకోసారి చిటికెడు చేప తిండి వేస్తూ ఉండండి, ద్రవం టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు.

మొదట అయిదారు గప్పీలో ప్లాటీలో వెయ్యండి, లవణాలెక్కువుండే మన గట్టి నీళ్లకి అవి బాగా సరిపోతాయి. గప్పీల్లో మగవి మాత్రమే తెచ్చుకుంటే మేలు, లేదంటే మూడు నెలల్లో పిల్లల్ని ఎవరికిద్దామా అని తిరుగుతారు. చేపలు తెచ్చిన కవర్ని 20 నిమిషాలు నీటి మీద తేలనిచ్చి అప్పుడు వదలాలి. గోల్డ్ ఫిష్ మొక్కల్ని నమిలేస్తుంది. అద్దాలు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది, పెరిగాక దాన్ని తీసుకెళ్లి చెరువులో వదిలితే అక్కడ గుడ్లు పెట్టి జాలర్ల వలలు చించుతుంది, ఆ పాపం మనకెందుకు.

మే నెలలో నీళ్లు 32 డిగ్రీలు దాటతాయి, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ. మూత తీసి చిన్న ఫ్యాను నీటి మీదకి పెడితే కుండలో నీళ్లు చల్లబడ్డట్టే 2-3 డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరైపోయిన మేరకి ఆర్‌వో నీళ్లు పోయండి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు లోపలే మిగిలిపోతాయి.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజ్‌ని కుళాయి కింద కాకుండా ఆ తీసిన నీళ్లలోనే పిండండి, క్లోరిన్ తగిలితే నెల రోజుల బ్యాక్టీరియా పోతుంది. పిండాక ఆ మురికి నీళ్లు కరివేపాకు కుండీలో పోసేయండి.