ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరించారా? అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసే విధానం

విదేశంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిన ఒక తండ్రి బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగిందనుకోండి. ఆపరేషన్ బిల్లుకు క్లెయిమ్ పెడితే, 'ఆయనకు ముందు నుంచే షుగర్ ఉంది, ముందున్న జబ్బులకు పాలసీ వర్తించదు' అని కంపెనీ నుంచి మెయిల్ వస్తుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. దయచేసి వదలకండి. పాలసీలో మినహాయింపు రాసి ఉన్నంత మాత్రాన అది మీ కేసుకు వర్తించినట్టు కాదు. వర్తిస్తుందని రుజువు చేయాల్సింది కంపెనీయేనని సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది.

ముందుగా తిరస్కరణ లేఖలో ఏ క్లాజు కింద కాదన్నారో చూడండి. రాయకపోతే మెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు. తర్వాత పాలసీ పూర్తి డాక్యుమెంటు తెరవండి. మీ చేతిలో ఉండే రెండు పేజీల సర్టిఫికెట్ సరిపోదు. అందులో 'ముందున్న జబ్బు' అంటే ఏమిటో నిర్వచనం ఉంటుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు చేసే అత్యవసర చికిత్సకు కొన్ని పాలసీలు సడలింపు కూడా ఇస్తాయి.

అసలు బలం ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది. 'తడి నేల మీద కాలు జారి పడ్డారు' అని డాక్టర్ రాసి ఉంటే, ఎముక విరగడానికీ షుగర్‌కీ సంబంధమేమిటని మీరు గట్టిగా అడగొచ్చు. 'షుగర్ పడిపోయి, కళ్లు తిరిగి పడ్డారు' అని ఉంటే మాత్రం కంపెనీ వాదనకు బలం ఉన్నట్టే. సమ్మరీలో కారణం స్పష్టంగా లేకపోతే, వైద్యం చేసిన డాక్టర్ దగ్గర ఆ విషయం మీదే ఒక చిన్న లేఖ తీసుకోండి. తిరుగు ప్రయాణానికి ముందే తీసుకుంటే మంచిది, ఇంటికొచ్చాక ఆ ఆసుపత్రి నుంచి కాగితం రాబట్టడం పెద్ద టెన్షన్.

ఇప్పుడు ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈ మెట్టు దాటకుండా నేరుగా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్తే ఫిర్యాదు తీసుకోరు. లేఖలో మీ కష్టం గురించి ఎక్కువ రాయొద్దు. క్లాజు నంబరు, జరిగిన ఘటన, ఆ రెండూ ఎందుకు కలవవు అన్నది రాస్తే చాలు. కంపెనీ పట్టించుకోకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే 'బీమా భరోసా' పోర్టల్‌లో కూడా నమోదు చేయొచ్చు. కానీ అక్కడ తీర్పు ఇవ్వరు, కంపెనీ చేత జవాబు చెప్పిస్తారు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. దీనికి గడువు ఒక ఏడాది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఫిర్యాదు పాలసీదారు పేరుతోనే ఉండాలి. వాళ్ల తరఫున వారసులు, నామినీ కూడా వేయొచ్చు. ఆన్‌లైన్‌లోనైనా, కాగితం మీదైనా ఇవ్వొచ్చు. మీరు ఉండే ప్రాంతం లేదా కంపెనీ బ్రాంచి ఉన్న ప్రాంతాన్ని బట్టి ఆఫీసు ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు హైదరాబాద్ ఆఫీసు. పాలసీ కాపీ, తిరస్కరణ లేఖ, గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన లేఖ, వాళ్ల జవాబు, ఆసుపత్రి కాగితాలు, బిల్లులు జతచేయండి. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది.

ఒక్క విషయం గమనించండి. ఇదంతా భారతీయ కంపెనీ దగ్గర తీసుకున్న పాలసీకే. పిల్లలు అక్కడి నుంచే విదేశీ కంపెనీ విజిటర్ పాలసీ కొని ఉంటే ఆ దేశపు నియమాల ప్రకారమే పోరాడాలి. అలాగే ఇదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ వినరు.

ఇరుపక్షాలు ఒప్పుకుంటే మధ్యవర్తిత్వంతోనే తేలిపోవచ్చు. లేదంటే కావలసిన కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలి, ఆ తర్వాత 30 రోజుల్లో కంపెనీ దాన్ని అమలు చేయాలి. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడి తీరాలి, మీరు కట్టుబడనక్కర్లేదు. నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడ గడువు రెండేళ్లు కాబట్టి తిరస్కరణ లేఖ తేదీని ఇప్పుడే రాసి పెట్టుకోండి.