తెలుగులో మాట్లాడినా ఎవరికో ఒకరికి తెలుస్తుంది: ఫోరెన్సిక్ సైకాలజీ చదవడానికి ఇంగ్లండ్ వచ్చే మన నెల్లూరు, ప్రకాశం పిల్లలకు

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం డబుల్ డెకర్ బస్సు పైన కూర్చొని ఇంటికొస్తున్నాను. వెనక సీట్లో ఒకబ్బాయి ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. యాస వినగానే కందుకూరు వైపని తెలిసిపోయింది, ప్రాణం లేచొచ్చింది. రెండు స్టాపులు దాటేసరికి ఆ సంతోషం పోయింది. ఆ రోజు ప్లేస్‌మెంట్‌లో, అంటే చదువులో భాగంగా చేసే శిక్షణ పనిలో, చూసిన ఒక పేషెంటు సంగతి చెప్తున్నాడు. పేరు చెప్పలేదు. వయసు చెప్పాడు, ఏ ఊరి సెక్యూర్ హాస్పిటలో (ప్రమాదం ఉందనుకున్న మానసిక రోగులను కాపలాలో ఉంచే ఆస్పత్రి) చెప్పాడు, భార్యను ఏం చేశాడో చెప్పాడు, పిల్లలు ఎంతమందో కూడా చెప్పాడు. వాళ్లమ్మ వద్దన్నట్టుంది, "తెలుగులోనే కదమ్మా, ఇక్కడెవరికి తెలుస్తుంది" అన్నాడు.

దిగేటప్పుడు ఆపి, "నాకు తెలిసింది కదా నాయనా" అన్నాను. మొహం పాలిపోయింది. బస్ స్టాపులో చలికి వణుకుతూ అరగంట మాట్లాడుకున్నాం. ఆ అబ్బాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

సిమ్ము, బ్యాంకు అకౌంటు, కుక్కరు, చలికోటు గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పను.

ఫీజు కట్టకముందే ఒకటి చూసుకోండి. ఇక్కడ 'ఫోరెన్సిక్ సైకాలజిస్ట్' (నేరం చేసినవాళ్ల మనసును పరిశీలించే నిపుణులు) అనే పేరు ఎవరు పడితే వాళ్లు పెట్టుకోకూడదు, దానికి చట్టం ఉంది. ఇలాంటి వృత్తులవాళ్లను నమోదు చేసుకునే హెచ్‌సీపీసీ అనే సంస్థ రిజిస్టర్‌లో ఉండాలి. అక్కడికి చేరాలంటే బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తించిన మాస్టర్స్ చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి సూపర్‌విజన్ కింద పనిచేయాలి. ఆ మాస్టర్స్‌కు ముందు జీబీసీ అనే అర్హత అడుగుతారు. అంటే మీ డిగ్రీలో సైకాలజీ సరిపోయినంత ఉండాలి. నేను ఎల్‌ఎల్‌బీ చదివి వచ్చాను. నెల్లూరులో నన్ను పంపిన కన్సల్టెన్సీ వాళ్లు కోర్సు పేరులో 'ఫోరెన్సిక్' ఉంది కదా, చాలన్నారు. నా కోర్సు ఆ దారిలోకి తీసుకెళ్లదని అక్టోబర్‌లో క్లాసులో కూర్చున్నాక తెలిసింది. తర్వాత వేరే డిగ్రీవాళ్లు సైకాలజీలోకి మారడానికి చేసే కన్వర్షన్ కోర్సు విడిగా చేశాను. నాన్న ఇంకోసారి అప్పు చేశాడు. లా చదివినవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. అక్కడ సైకాలజీ డిగ్రీ చేసినవాళ్లు కూడా అడ్మిషన్ లెటర్ వచ్చింది కదా అని ఊరుకోకుండా, జీబీసీ సంగతి సొసైటీకే రాసి అడగండి.

లా చదివిన చదువు మాత్రం వృథా పోదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది మన దగ్గర రుజువుగా పనికిరాదని ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 25లో బట్టీ పట్టాం. 2024 జులై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23. ఇంగ్లండ్‌లో అలా కాదు. పోలీసుల అధికారాలు, సాక్ష్యాల మీద 1984లో వచ్చిన పేస్ చట్టం ప్రకారం, బలవంతం చేయలేదని, నమ్మదగని పరిస్థితుల్లో చెప్పించలేదని తేలితే పోలీసుల ముందు చెప్పింది కూడా కోర్టుకు వస్తుంది. అందుకే చేయని నేరాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడన్న ప్రశ్న ఇక్కడ ఇంత పెద్దదైంది. బాంబు పేలుళ్ల కేసుల్లో అన్యాయంగా శిక్ష పడిన గిల్‌ఫర్డ్ నలుగురు 1989లో, బర్మింగ్‌హామ్ ఆరుగురు 1991లో బయటపడ్డారు. అప్పటికి మొదటి కేసువాళ్లకు దాదాపు 14 ఏళ్లు, రెండో కేసువాళ్లకు 16 ఏళ్లు జైల్లో పోయాయి. గిస్లీ గుడ్‌జాన్సన్ పేరు మీకు మొదటి నెలలోనే వినపడుతుంది. ఎదుటివాళ్లు ఒత్తిడి చేస్తే మనిషి ఎంతవరకు లొంగుతాడో కొలిచే స్కేలు ఆయనది. మతి స్థిమితం లేనివాడి నేరం గురించి మనం చదివిన ఐపీసీ సెక్షన్ 84, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 22, ఇక్కడి 1843 నాటి మెక్‌నాటన్ రూల్స్ నుంచి వచ్చిందే. ఒప్పుకోనివాళ్ల మీద నార్కో పరీక్షలు చేయకూడదని 2010లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన సెల్వీ తీర్పు గురించి క్లాసులో నోరు తెరిచి చెప్పండి. ఇంగ్లిష్ తడబడుతుందని వెనక బెంచీలో కూర్చోకండి, నేను మూడు నెలలు అలాగే కూర్చున్నాను.

ప్లేస్‌మెంట్ ఉంటే డీబీఎస్ చెక్, అంటే మీ మీద ఇక్కడ నేర రికార్డు ఉందా అన్న పరిశీలన, చేయిస్తారు. మీరు ఇండియాలో ఉన్నన్నాళ్ల సంగతి అందులో రాదు కాబట్టి పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) అడగొచ్చు. బయల్దేరకముందే పాస్‌పోర్ట్ సేవా ద్వారా తీసుకోండి. సొంతూరు ఉలవపాడు, ఉండేది నెల్లూరు అయితే ఎంక్వైరీ ఏ స్టేషన్ నుంచి వస్తుందో ముందే కనుక్కోండి. ఇక్కడికొచ్చాకైనా తీసుకోవచ్చు, కానీ అది వచ్చేదాకా మీ క్లాస్‌మేట్లు పనిలో ఉంటారు, మీరు గదిలో ఉంటారు.

రీసెర్చ్ గురించి రెండు ముక్కలు. ఒక్క ఏడాది మాస్టర్స్‌లో ఖైదీలను ఇంటర్వ్యూ చేస్తామని ప్లాన్ వేసుకోకండి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే సరిపోదు, జైళ్ల శాఖకు వేరే నేషనల్ రీసెర్చ్ కమిటీ ఉంది. నేను పట్టుబట్టి వేసవి దాకా సమయం పోగొట్టుకున్నాను. నేషనల్ ఆర్కైవ్స్‌వాళ్లు తీర్పులను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతున్నారు. వాటితో మంచి డిసర్టేషన్ రాయొచ్చు.

ఒకవేళ జైలుకు వెళ్లాల్సి వస్తే, గేటు దగ్గరే జేబులన్నీ తడుముకొని ఫోన్ లాకర్‌లో పెట్టండి. అనుమతి లేకుండా ఫోన్ లోపలికి తీసుకెళ్లడం నేరం, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మరిచిపోయానంటే వినేవాళ్లు ఉండరు.

ఇక బస్సులో మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే అదే పని నేనూ చేశాను. వచ్చిన రెండో ఏడు, ప్లేస్‌మెంట్ మొదలైన కొత్తలో, ఎనిమిదిమంది తెలుగు పిల్లలం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఒక రాత్రి అన్నం వారుస్తూ, ఆ రోజు వార్డులో ఒకాయన చెప్పిన సంగతి చెప్పేశాను. పేరు లేదు, ఊరు లేదు. ఆయన చేతి మీద పచ్చబొట్టు ఎలా ఉంటుందో మాత్రం చెప్పాను. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న రూమ్మేట్ కత్తి ఆపి, "ఆయనా? రోజూ నేనే కదా టీ ఇచ్చేది" అన్నాడు. అతని పార్ట్‌టైమ్ అదే హాస్పిటల్ కిచెన్‌లో. అతని మొహం మారిపోవడం నా కళ్లారా చూశాను. మర్నాటి నుంచి ఆ పేషెంటుకు టీ కప్పు అందించేటప్పుడు రూమ్మేట్ చెయ్యి ఎలా ఉంటుందో ఊహించుకుంటూ రాత్రంతా మేలుకునే ఉన్నాను.

పొద్దున్నే సూపర్‌వైజర్‌కు నేనే చెప్పాను. ఆమె తిట్టలేదు. కాగితం మీద రాసుకొని, "ఆ మనిషి నీతో ఎందుకు మాట్లాడాడు?" అని అడిగింది. బయటికి పోదని నమ్మి మాట్లాడాడు. నా దగ్గర ఇంకో జవాబు లేదు.

కాబట్టి వినండి. పేరు తీసేస్తే చాలనుకోకండి. వయసు, పచ్చబొట్టు, పిల్లల లెక్క, ఊరు, ఇందులో ఏ రెండు కలిసినా మనిషి దొరికిపోతాడు. వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ వద్దు. నోట్సు ఫొటో తీసి సొంత ఫోన్లో దాచుకోవద్దు. బస్సులో, కిచెన్లో, గుడి భోజనాల దగ్గర కేసు మాట ఎత్తొద్దు. కావలి నుంచి వచ్చినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలియదు. ఎవరికైనా హాని జరుగుతుందని అనిపిస్తే మాత్రం దాచకండి, వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పండి, మీలో మీరు తేల్చుకోకండి.

అమ్మకు చెప్పకుండా ఉండలేం, మన ఇళ్లల్లో అది అలవాటే లేదు. నేను చెముడుగుంట జైలు ముందు నుంచి వందసార్లు బస్సులో పోయినవాణ్ని, లోపలి మనుషుల బరువు ఇంత ఉంటుందని ఊహించలేదు. ఆ బరువు మింగమని అనడం లేదు. "ఈ రోజు మనసు బాగాలేదమ్మా, ఒక కష్టమైన సంగతి విన్నాను" అనండి, చాలు. ఏం విన్నారో చెప్పాల్సిన చోటు సూపర్‌విజన్. నిద్ర పట్టకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు వెళ్లండి, డబ్బు కట్టక్కర్లేదు.

సరే, మరీ బెదరగొట్టానేమో. నన్ను కోర్సు నుంచి తీసేయలేదు. ఆ కందుకూరు అబ్బాయి కూడా సోమవారమే వెళ్లి చెప్పుకున్నాడు, చదువు సాగుతోంది. మొదటి ఆరు నెలలు గడిస్తే ఈ పని మీకు వస్తుంది, చాలామందికి వచ్చింది. పీసీసీ ఒరిజినల్ మాత్రం పెద్ద సూట్‌కేసులో పచ్చళ్ల మధ్య పెట్టకండి, చేతి బ్యాగులో పెట్టుకోండి.